గిటారు మెడకు ఆముదం

గిటారుకు మెడ ఉంటుందని చెప్తే మా అత్త నన్ను ఎగాదిగా చూసింది.

"మెడుంటే పుస్తె గూడ కడుతరా ఏంది దానికి?" అన్నది.

ఎడమ చేతితో పట్టుకునే పొడవాటి కర్ర ఉంటుందే, తీగలు దాని మీదుగా సాగి ఉంటాయి, దాన్నే మెడ అంటారని చూపించాను. ఆమె దాన్ని వేలితో ముట్టింది. వేలు అంటుకుపోయింది. ఛీ అని కొంగుకు తుడుచుకుంటే కొంగుకూ జిగురంటింది. ఆ రోజంతా నన్నూ, ఆ గిటారునూ, దాన్ని ఇచ్చిన దొరసానినీ కలిపి తిట్టింది. మా అత్త పుట్టిల్లు రాయచూరు వైపు. తిట్లలో సగం కన్నడంలో ఉండేవి కాబట్టి నాకు సగమే తగిలేవి.

మాది ఇటిక్యాల దగ్గర పల్లె. నా భర్త ఊరూరా తిరిగి పాటలు పాడి, వాక్యం చెప్పే ప్రచారకుడు. ఇద్దరమూ జీతగాళ్ళ ఇళ్ళలో పుట్టినవాళ్ళమే. మా నాయనకు గద్వాలలో మిషన్ బంగళాలో పని దొరకడం వల్ల నేను అక్కడ ఆడపిల్లల హాస్టల్లో నాలుగు అక్షరాలు నేర్చుకున్నాను. అక్షరాల కంటే ఎక్కువగా గిటారు నేర్చుకున్నాను. అక్కడి దొరసాని సాయంత్రాలు వరండాలో కూర్చుని వాయించేది. మిగతా పిల్లలు కాసేపు విని ఆటలకు పోయేవాళ్ళు. నేను కదిలేదాన్ని కాదు. చూసి చూసి ఒకనాడు ఆమే పిలిచి నా వేళ్ళను తీగల మీద పెట్టింది. వేళ్ళ కొనలు పొక్కులెక్కి, పగిలి, గట్టిపడ్డాయి. పెళ్ళయి ఇటిక్యాల వైపు వచ్చినా, నెలకోసారి బంగళాకు పోయినప్పుడు వాయించకుండా వచ్చేదాన్ని కాదు.

యుద్ధం రోజుల్లో దొరసానిని వాళ్ళ దేశం రమ్మన్నారు. పోయే ముందు నన్ను పిలిచింది. నా భర్తా వెంట వచ్చాడు. ఆమె గిటారు పెట్టెను తెచ్చి నా ఒళ్ళో పెట్టి, తన వచ్చీరాని తెలుగులో, "ఇది నీది. నీవు వాయించవలెను," అన్నది. నా భర్త పక్కనే ఉండి విన్నాడు. ఆ సంగతి గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే తర్వాత ఆయన వినలేదన్నట్టే నడుచుకున్నాడు.

పెట్టె తెరిస్తే నా ఏడుపు ఒక్కటే తక్కువ. అంతకు ముందు ఎండాకాలమంతా దొరసాని కొండల మీది చల్లని ఊరికి పోయి ఉంటే, ఎవరో దాన్ని రేకుల కొట్టంలో పడేశారు. పాలమూరు ఎండ సంగతి తెలుసు కదా, రేకుల కింద ఇనుమే కాగిపోతుంది. మెడ వెనక పూసిన వార్నీషు కరిగి బెల్లం పాకమైంది. దాని మీద దుమ్మూ, బూజూ, చచ్చిన చీమలూ అతుక్కున్నాయి. పట్టుకుంటే చేయి జారదు. చేయి జారకపోతే గిటారు వాయించలేరు, ఒకే చోట అతుక్కుని ఏడవడమే.

ఎడ్లబండిలో ఇంటికి వస్తుంటే నా భర్త అన్నాడు: "నువ్వు దాన్ని జర బాగు జెయ్యి. నేను పాడుత, నువ్వు వాయించు. ఇద్దరం గలిసి అమరచింత దాంక పోదాం, వనపర్తి పోదాం. శ్రీరంగాపూర్ల రథం నాడు వచ్చే జనం ముంగల నిలవడి పాడితె ఎట్లుంటదో చూడు."

అంతకు ముందు ఆయన నాతో "ఇద్దరం" అన్న మాట ఎప్పుడైనా అన్నాడేమో, నాకు గుర్తు లేదు. బండి కుదుపుకు గిటారు పెట్టె జారకుండా రెండు చేతులా పట్టుకుని, ఊరు వచ్చేదాకా అదే మాట నెమరేసుకున్నాను. కొత్త కోడలిని, బుద్ధి ఎక్కడిది.

ఆ పని నాకు కొత్త కాదు. బంగళా తలుపులకూ, మంచాలకూ ఏటా అవిసె నూనె పట్టించేది మా నాయనే. చిన్నప్పటి నుంచి ఆయన వెంట తిరిగి చూసినదాన్నే. అవిసె నూనె కర్రలోకి ఇంకి, గాలికి ఎండి, గట్టిపడుతుంది. వార్నీషులా పైపైన పొరై కూర్చోదు. నూనె పట్టిన కర్రను పట్టుకుంటే కర్రనే పట్టుకున్నట్టుంటుంది. కాకపోతే తొందర పనికిరాదు. వానల్లో అసలే పనికిరాదు, తేమకు నూనె ఎండదు. అందుకని వానలు వెనకబట్టేదాకా ఆగాను. ఆ ఆగడమే నాకు కష్టమైంది.

వానలు తగ్గాక తీగలు విప్పి చుట్టి పెట్టాను. సీసా పెంకు అంచుతో పాత వార్నీషును గీకడం మొదలుపెట్టాను. గీకుతుంటే అది పొట్టులా రాలదు, సాగుతుంది. గీకడం, పెంకు తుడవడం, మళ్ళీ గీకడం. పొద్దున జొన్న చేనుకు కూలికి పోయి, వచ్చి, పొద్దుగూకే లోపల దొరికిన కాసింత సేపు గడప మీద కూర్చునేదాన్ని. వీధిలో పోయేవాళ్ళు ఊరుకుంటారా.

"ఏం జేస్తున్నవ్ పిల్లా, దొరసాని తంబురకు క్షవరం జేస్తున్నవా?"

"అవు మామా, నీ గడ్డం గూడ తే, ఒకే పెంకుతోని అయిపోతది," అనేదాన్ని.

వార్నీషు పోయాక లోపల కర్ర బయటపడింది. తేనె రంగులో ఉంది. ఏ చెట్టుదో నాకు తెలియదు, మన దిక్కు చెట్టు కాదు. దొరసాని చేయి పెద్దది, నా చేయి చిన్నది. ఆ మెడ నా గుప్పిటకు కొంచెం లావయ్యేది. బొటనవేలు వెనక నుంచి అందక చాలా తిప్పలు పడేదాన్ని. ఎలాగూ గీకుతున్నాను కదా అని, బొటనవేలు ఆనే దిక్కున ఇంకొంచెం ఎక్కువ గీకాను. పట్టి చూసి, గీకి, మళ్ళీ పట్టి చూసి, అది నా చేతికి సరిపోయేదాకా పలచబరిచాను. తర్వాత బర్రెంక ఆకు కోసుకొచ్చాను. ఆ ఆకు గరుకు ఎంతంటే, దాంతో రుద్దితే కొమ్ము దువ్వెన కూడా నునుపు తేలుతుంది. తడిగుడ్డతో తుడిస్తే కర్ర మీద నూగు లేచేది, ఆరాక మళ్ళీ ఆకు పెట్టి రుద్దేదాన్ని. నూగు లేవడం మానేదాకా అలా చేశాను.

మా ఆయన అప్పుడు ఎంత మంచిగా ఉండేవాడో చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. గద్వాలకు పోయి గానుగ నుంచి అవిసె నూనె ఆయనే తెచ్చాడు. నా చేతులు బిగుసుకుపోతే నీళ్ళు తనే కాచి ఇచ్చాడు. మగవాడు పొయ్యి దగ్గర కూర్చున్నాడని పక్కింటివాళ్ళు నవ్వితే, "నవ్వనీ" అన్నాడు. రోజూ వచ్చి, "ఎంత దాంక వచ్చింది? కోతల పండుగకు అయితదా?" అని అడిగేవాడు. నా మీద ప్రేమ అనుకున్నాను. పిచ్చిదాన్ని, ఆయన అడిగింది నా సంగతి కాదు, గిటారు సంగతే.

కోతల పండుగ అంటే మా వాళ్ళలో పెద్ద పండుగ. పంట ఇంటికి వచ్చాక, చుట్టుపక్కల పల్లెల వాళ్ళందరూ గద్వాలలో మిషన్ గుడి ముందు పందిరి కింద కూడి, మొదటి పంటలోంచి దేవునికి కానుక తెస్తారు. జొన్నలు, కందులు, గుమ్మడికాయ, కోడి, మేక, ఎవరికి ఏది ఉంటే అది. పేరు పిలిచి, ఇచ్చిన మనిషిని ముందుకు రమ్మని, ప్రార్థన చేసి బల్ల మీద పెడతారు. ఒకసారి బల్ల దగ్గరికి పోయిన వస్తువు మళ్ళీ ఇంటికి రాదు. ఒక ఊరిలో భర్త ఉత్సాహంలో పాలిచ్చే మేకను కానుక ఇచ్చేస్తే, పిల్లకు పాలు లేవని భార్య పోయి అడిగింది. మేకను ఇవ్వలేదు సరికదా, ఆమెకు జన్మంతా 'మేకనడిగినామె' అనే పేరు పడిపోయింది. మా వైపు అందరికీ ఆమె తెలుసు, అసలు పేరు మాత్రం ఎవరికీ తెలియదు.

మెడ నున్నగా తయారయింది, ఇక నూనె పెట్టడమే తరువాయి. రేపు మొదటి పూత పెడదామని గిటారును గోడకు ఆనించి చేనుకు పోయాను. సాయంత్రం వచ్చి చూస్తే మెడంతా నిగనిగలాడుతోంది. ముట్టుకున్నాను. చేతికి జిడ్డు వచ్చింది. వాసన చూడనక్కర లేకుండానే తెలిసింది.

మా ఇళ్ళలో ఆముదం పెట్టని వస్తువు లేదు. పసిపిల్ల మాడుకు ఆముదం, బండి ఇరుసుకు ఆముదం, తలుపు కిర్రుమంటే ఆముదం, చెప్పు కరిస్తే ఆముదం. కానీ ఆముదం ఎండదు. నెలలు గడిచినా అలాగే జిడ్డుగా ఉంటుంది. ఒట్టి కర్రలోకి ఒకసారి ఇంకిందంటే, దాని మీద అవిసె నూనె ఎన్ని పూతలు పెట్టినా పట్టదు. వార్నీషు జిగురును ఇంత కాలం గీకింది ఆముదం జిడ్డుకు చోటు చేయడానికా అని నా కడుపు మండిపోయింది.

మా అత్త అరుగు మీద కూర్చుని కందులు చెరుగుతోంది. ఆమె చేతులకింకా ఆముదం ఉంది.

"అత్తమ్మా, ఏం జేసినవే ఇది?"

"నూనె వెడుత వెడుత అంటివి గదా. నేనే వెట్టిన."

"ఆముదం వెడుతరా ఎవలన్న? నా పానమంత దాంట్ల వెట్టి జేసిన. నీకు కండ్లు లేవా? అడుగొద్దా నన్ను?"

ఇంకా చాలా అన్నాను. ఒక మాటకు పది మాటలు తిప్పికొట్టే మనిషి, ఆ రోజు మాత్రం గొంతు తగ్గించింది. చాట పక్కన పెట్టి, "బ్యాడ బిడ్డా, ఇంక దాని జోలికి వోకు. ఈ ఏటికి గాదులే. వచ్చే ఏడు జూసుకుందువు," అన్నది. బ్యాడ అంటే కన్నడంలో వద్దని. ఆ మాటకు నాకు ఇంకా మండింది. తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి అలా అంటున్నదనుకున్నాను.

మా ఆయన వచ్చి చూసి తల్లి మీద ఇంతెత్తున లేచాడు. నేనే ఆయన్ను ఆపవలసి వచ్చింది. మర్నాడే గద్వాల పోయి ఒక సీసాడు గ్యాసునూనె తెచ్చాడు. ఆ యుద్ధం రోజుల్లో కిరసనాయిలు దొరకడమే గగనం, ఇంట్లో కందిలి కాస్త ఎక్కువ సేపు వెలిగితే గొణిగే మనిషి ఆయన. "తుడువు. ఎట్లనన్న జేసి పండుగ లోపల గావాలె," అన్నాడు.

తుడిచాను. గ్యాసునూనెతో తుడిచి, వేడి బూడిద అద్ది, ఎండలో పెడితే లోపలి ఆముదం చెమర్చినట్టు పైకి వచ్చేది. దాన్ని తుడిచి మళ్ళీ బూడిద. చేనుకు పోవడం మానేశాను. చివరికి సీసా పెంకు మళ్ళీ పట్టి, జిడ్డు ఇంకినంత మేర కర్రను పలచగా గీకి తీసేశాను. నా చేతికి ముందే సరిపోయిన మెడ ఇప్పుడు ఇంకాస్త సన్నబడింది. నా చేతికి తప్ప ఇంకెవరి చేతికీ కుదరనంత సన్నమైంది. అత్త అరుగు మీద నుంచి అంతా చూస్తూనే ఉండేది, దగ్గరికి మాత్రం వచ్చేది కాదు.

అప్పుడు మొదలుపెట్టాను అవిసె నూనె. కాస్త వెచ్చబెట్టి, పీలికతో పలచగా అంటించి, ఇక అరచేత్తో రుద్దడమే. అరచేయి వేడెక్కాలి, కర్ర వేడెక్కాలి, ఆ వేడికి నూనె లోపలికి పోవాలి. పైన మిగిలింది పూర్తిగా తుడిచెయ్యాలి. నీడలో గాలి తగిలేట్టు వేలాడదీయాలి. ఆరాక మళ్ళీ రుద్దాలి. నూనె పీలికలను ముద్ద చేసి మూల పడేస్తే వాటంతట అవే అంటుకుంటాయని మా నాయన చెప్పేవాడు, అందుకని వాటిని కంపచెట్టు మీద విడివిడిగా ఆరవేసేదాన్ని. పూత పూతకూ కర్ర రంగు ముదిరింది, లోపలి గీతలు తేలాయి. ఆఖరున పాత గొంగడి ముక్కతో రుద్దితే మెత్తని మెరుపు వచ్చింది.

తీగలు ఎక్కించి, శృతి చేసి, మెడ పట్టుకున్నాను. చేయి పైనుంచి కిందికి ఎక్కడా ఆగకుండా పోయింది. ఆ సంతోషం ఇప్పటికీ నా అరచేతిలో ఉంది. ఆ మధ్యాహ్నం ఒక్క పాట పూర్తిగా వాయించాను. ఇంట్లో అత్త ఒక్కతే ఉంది. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. నిద్రపోయిందనుకున్నాను.

పండుగ నాడు పొద్దున మా ఆయన అన్నాడు: "గిటారు వట్టుకొని ఆడోళ్ళ ముంగట్ల కూసో. నేను పిలుస్త, అప్పుడు రా."

పెళ్ళినాటి చీర కట్టుకున్నాను. గిటారును పెట్టెలో పెట్టలేదు, ఒళ్ళోనే పెట్టుకుని బండిలో పోయాను. పందిరి కింద ఆడవాళ్ళలో ముందు వరుసలో కూర్చున్నాను. పక్కనున్న వాళ్ళు ముట్టి చూస్తూ, "గింత నున్నగ ఎట్లయింది అక్కా?" అని అడుగుతుంటే గర్వంగా ఉంది, ఎందుకు దాచాలి. ఏ పాట వాయించాలో అనుకుని పెట్టుకున్నాను. ఆయన గొంతుకు ఎక్కువ పైకి పోకుండా శృతి తగ్గించి పెట్టాను.

ఆయన లేచి నన్ను పిలిచాడు. వేళ్ళు సరిచూసుకుంటూ ముందుకు పోయాను. బంగళా పెద్దలందరూ కుర్చీల్లో ఉన్నారు. నేను మెడ మీద చేయి వేసి నిలబడ్డాను. ఆయన పాట ఎత్తుకుంటాడని ఆయన నోటికేసి చూస్తున్నాను.

"ఇది మా ఇంటామె మొక్కు," అన్నాడు ఆయన. "తన సొంత చేతులతోని బాగు జేసి, మగపిల్లల హాస్టలుకని దేవునికి కానుక ఇస్తున్నది. నాకంటె ఆమె విశ్వాసమే పెద్దది."

అని, నా చేతుల్లోంచి గిటారు తీసుకున్నాడు. తీసుకున్నాడంటే, నా ఎడమ చేతి వేళ్ళను మెడ మీద నుంచి విడదీశాడు. ఎదుటివాళ్ళకు కనబడకుండా, నవ్వు ముఖంతో, ఒక్కో వేలూ విడదీశాడు.

జనం ఆమెన్ అన్నారు. ఒక పెద్దాయన లేచి నా తల మీద చేయి పెట్టి ప్రార్థన చేశాడు. వెనకనుంచి ఆడవాళ్ళు, నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకుని, "ఎంత మంచి మనసు" అంటున్నారు. నేను నోరు తెరిచి 'నేను మొక్కలేదు, అది నాది' అనవచ్చు. అంటే ఏమవుతుంది? మేకనడిగినామె ఆ పందిరి కిందే, కోళ్ళ గంప పక్కన, కూర్చుని ఉంది. ఆమెను చూశాను. నోరు మూసుకుని వచ్చి నా చోట కూర్చున్నాను.

ఆ పండుగ వెళ్ళిన కొన్నాళ్ళకే మా ఆయనకు చాలా ఊర్ల మీద పెద్దరికం ఇచ్చారు. అందరూ ఆయన్ను, పాదిరిని పిలిచినట్టు, అయ్యగారూ అనడం మొదలుపెట్టారు. నేను ఒక్కసారే అడిగాను, అది కూడా పండుగ నాడు బండిలో ఇంటికి వచ్చేటప్పుడే.

"నేనెప్పుడు మొక్కిన?"

"దేవునికిచ్చినదానికి ఏడుస్తవా?"

"దేవునికి నువ్వియ్యలే. నా పేరు వెట్టి నాదిచ్చినవ్. ఇద్దరం తిరుగుదామంటివి గదా?"

ఆయన ఎడ్లను అదిలించి, చాలా నెమ్మదిగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "ఆడిది ఊర్లెంబడి గిటారు వట్టుకొని నా ఎంట తిరిగితె, నన్ను అయ్యగారని ఎవడంటడు? జర సోంచాయించు."

సోంచాయించాను. జీవితమంతా ఆలోచించడమే నా పనైంది. నీళ్ళు కాచి ఇచ్చిన చేతులూ, గ్యాసునూనె తెచ్చిన చేతులూ ఆయనవే, నా వేళ్ళు విడదీసిన చేతులూ ఆయనవే. మోసం చేసినందుకంటే, ఆ మోసం నా చేత చేయించుకున్నందుకు ఆయన మీద నాకు అసహ్యం పుట్టింది. వంట చేసి పెట్టాను, పిల్లల్ని కన్నాను, ఆయన పాటకు మాత్రం మళ్ళీ గొంతు కలపలేదు. హాస్టల్లో ఆ గిటారును ఎవరూ వాయించలేకపోయారని తర్వాత విన్నాను. మెడ మరీ సన్నమట, మగవాళ్ళ చేతిలో నిలవదట. మేకు కొట్టి గోడకు తగిలించారు.

మరుసటి ఎండాకాలం మా అత్త తల పట్టుకుపోతోందంటే ముందు కూర్చోబెట్టుకుని ఆముదం పెడుతున్నాను. అప్పటిదాకా ఆమెతోనూ నాకు పొడి మాటలే. కొడుకు ఊర్లో లేడు. మాడు మీద నూనె అద్ది రుద్దుతుంటే ఆమె తల తిప్పకుండానే అన్నది:

"ఇది ఎండదని నాకు తెల్వదనుకున్నవా బిడ్డా?"

ఆముదం గిన్నె కింద పెట్టాను.

"ఎండద్దనే వెట్టిన. పండుగ నాడు దాన్ని కానుక ఇచ్చేస్త అని వాడు పెద్దమనుషులతోని అంటుంటె విన్న. జిడ్డు తంబురను ఎవలు దీస్కుంటరు, ఇంట్లనే వడి ఉంటది, వచ్చే ఏడు దాంక నీ తానే ఉంటది అనుకున్న. నువ్వేమో కూసొని గీకితివి."

"నాకొక్క మాట చెప్పరాదా అత్తమ్మా?"

"వాడు నా కొడుకు గాదా," అన్నది. "నాకు గంతే చేతనైంది."

ఆమె మాడు మీద నా అరచేయి అలాగే ఉండిపోయింది. ఆ ఇంట్లో నా వైపు ఉన్నది ఆ చారెడు ఆముదం ఒక్కటే. దాన్ని గ్యాసునూనెతో తుడిచి, బూడిద అద్ది, ఎండలో పెట్టి, సీసా పెంకుతో గీకి గీకి పారేసింది నేను.